ఐశ్వర్యమును ఋణమును

విశాఖపట్టణపు లోపలి రేవులోనికి సముద్రమునుండి ప్రవేశించు ప్రతి నౌకయు ఎడమవైపున డాల్ఫిన్స్ నోస్ కొండను, కుడివైపున మూడు చిన్న గుట్టలను దాటి రావలసియున్నది. ఆ గుట్టలలో నొకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయమును, ఒకదానిపై ఇషాక్ మదీనా ఔలియా దర్గాయును, ఒకదానిపై మేరీమాత చర్చియును నెలకొనియున్నవి. ఇనుపరాయియో బొగ్గో చమురో ఎరువులో, ఏ సరకును మోయుచు లోపలికి వచ్చు ఓడయైనను ఈ మూడు పుణ్యస్థలముల చెంతగనే సాగిపోవలెను. దేవుని స్వరూపమును గూర్చి తమలో తాము విభేదించు ఈ మూడు మతములును ధనమును గూర్చి మాత్రము ఒక్క మాటయే పలుకుచున్నవి. ఏడాదిపాటు నిలువయున్న ధనములో నలువదింట నొకపాలు జకాతుగా బీదలకు చెందవలెనని ఇస్లాము విధించినది. పొలము కోయువాడు మూలమూలలకును కోయక, రాలిన వెన్నులను తానే ఏరుకొనక, వానిని బీదలకును పరదేశులకును విడువవలెనని మోషే ధర్మశాస్త్రము శాసించినది. మనుష్యుడు దేవతలకును ఋషులకును పితరులకును అప్పుపడియే పుట్టుచున్నాడని మన వైదికవాఙ్మయము చాటినది. ఉన్నవాని సొత్తులో లేనివాని పాలు కలదనుట ఈ మూడింటికిని సమ్మతము.

ఐతే ఆ పాలు ఎట్టిది? ఉన్నవాడు దయదలచి యిచ్చినప్పుడు మాత్రమే లేనివానికి దక్కునదా, లేక ఇచ్చినను ఇయ్యకున్నను మొదటినుండియు లేనివానికి చెందియున్నదేనా? మొదటిది సత్యమైనచో, రాజ్యము పన్ను విధించుట పరుల సొమ్మును బలిమిచే గైకొనుటయే యగును. ధనికుని ధర్మము దానముతో సంపూర్ణమగును. రెండవది సత్యమైనచో, పన్ను ఎగవేయుట పరుల సొమ్మును దాచుకొనుట యగును. బాకీ తీర్చక చేయు దానము ఎంత ఘనమైనదైనను పరుల సొమ్ముతో చేసిన దానమే యగును. సంపద, పన్ను, అసమానత అను వానిని గూర్చి మనము నిత్యము చేయు వాదములన్నియు తుదకు ఈ ప్రశ్నయొద్దకే వచ్చి చేరుచున్నవి. నేను రెండవ పక్షమువాడను. పన్ను ఋణము, అది తీరిన పిమ్మట మిగిలినదాని నుండియే దానము. ఈ అభిప్రాయమునకు ఆధారములు శాస్త్రములలో నున్నట్లే ఈ నగరచరిత్రలోను ఉన్నవి.

పూర్వపక్షమును ముందుగా న్యాయముతో వినవలెను. తెల్లవారుజామున లేచి, అప్పు చేసి పెట్టుబడి తెచ్చి, నష్టమునకు గుండె నిబ్బరించుకొని, పది సంవత్సరములు నిద్రాహారములు మఱచి ఒక వ్యాపారమును నిలబెట్టిన వ్యక్తి 'ఇది నా కష్టార్జితము' అని పలికినప్పుడు ఆ మాటలో సత్యము లేకపోలేదు. శ్రమకును సాహసమునకును ప్రతిఫలము లేని సమాజము సోమరిపోతులకు నిలయమై, తుదకు పంచుకొనుటకేమియు మిగులని దరిద్రములో పడిపోవును. కౌటిల్యుడు కోశమును రాజ్యపు అంగములలో నొకటిగా లెక్కించుచునే, పండకముందే కాయను కోసినట్లు ప్రజలను అకాలమున పీడింపరాదని రాజును హెచ్చరించెను. కావున ఆర్జించువాని హక్కును నేను కాదనను. ఆ హక్కు ఎంతవఱకు వ్యాపించును, దాని ప్రక్కన ఇంకెవరి హక్కులు నిలిచియున్నవి అనునదే నా విచారణ.

ఈ విచారణకు విశాఖపట్టణమంత అనువైన స్థలము తెలుగునాట మఱియొకటి లేదు. 1933లో రేవు తెఱవబడుటకు పూర్వము ఇచ్చట నున్నవి ఉప్పుటేరును, ఆటుపోటులకు మునిగితేలు చిత్తడినేలలును. ఆ బురదను త్రవ్వి ఓడలు నిలువదగిన లోతును కల్పించుటకును, ద్వారమున ఇసుక మేటవేయకుండ రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి అడ్డుకట్ట కట్టుటకును వెచ్చించిన ధనము ప్రజాధనము. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిన సింధియా నౌకానిర్మాణశాల ప్రైవేటు సాహసమునకు గొప్ప ఉదాహరణము. 1948 మార్చి 14న నెహ్రూ చేతిమీదుగా 'జలఉష' అను ఓడ అచ్చటినుండియే నీటిలోనికి దిగెను. ఐనను ఆ సాహసమునకు ప్రభుత్వపు అండ అవసరమై, 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు అను క్రొత్త రూపమున ప్రభుత్వమే అందులో పెద్ద వాటాదారు కావలసివచ్చెను. బైలదిల్లా కొండల ఇనుపరాయిని జపానుకు పంపుటకై 1960వ దశకమున అనంతగిరుల సొరంగముల గుండా కిరండోలు–కొత్తవలస రైలుమార్గము వేయబడెను. కొండలను తొలిచిన కూలీ, పట్టాలను పఱచిన కూలీ, రేవున తట్టలెత్తిన కళాసీ, వారి చెమటకు తోడైన ప్రజాధనము — ఇన్నియు చేరి ఈ రేవు అయినది. నేడిచ్చట ఎగుమతి వ్యాపారము చేసి కోట్లు గడించువాడు తన తెలివితేటలను తానే తెచ్చుకొనెననుకొన్నను, తన ఓడ నిలుచు నీటిని మాత్రము ఎవరో త్రవ్వి యుంచిరి.

ఉక్కు కర్మాగారము కథ ఇంతకంటెను బరువైనది. 1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అను నినాదముతో రాష్ట్రమంతయు కదలినప్పుడు టి. అమృతరావు నిరాహారదీక్ష పూనెను. నవంబరు 1న ఈ నగరమున పోలీసు కాల్పులు జరిగెను. ఆ ఉద్యమమున రాష్ట్రమందంతటను 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారమును ప్రకటించెను. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగెను. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితము చేసెను. ఈ రెండు దశాబ్దుల నడుమ 64 గ్రామములు తమ పొలములను, తోటలను, చెరువులను, గ్రామదేవతల గుడులను విడిచి లేచిపోయెను. 16,000కు పైబడిన కుటుంబములు నిర్వాసితు లను పేరును, ఆర్-కార్డు అను కాగితమును పొంది, ఉద్యోగముకొఱకు నిరీక్షించు వరుసలో నిలువబడెను. ఆ వరుసలో తండ్రి నిలిచి ముసలివాడై, ఆ కార్డును కొడుకు చేతిలో పెట్టిన కుటుంబములు నేటికిని గాజువాక, అగనంపూడి, పెదగంట్యాడ ప్రాంతములలో నున్నవి. ఒక నగరపు ఐశ్వర్యము ఎవరెవరి త్యాగముల మీద నిలిచియున్నదో తెలియగోరువారు ఆ కాలనీలలోనికి పోయి వారి మాట వినవలెను.

భూమి విలువను గూర్చియు ఒకమాట. మధురవాడలోనో ఋషికొండ ప్రక్కనో ముప్పది యేండ్లక్రితము కొలదిపాటి సొమ్ముతో ఒక స్థలము కొని, కంచె వేసి, దానివైపు మరల చూడని వ్యక్తికి నేడది కోట్ల విలువ చేయుచున్నది. ఆ విలువను పెంచినది ఆయన కాదు. అచ్చటికి వచ్చిన రహదారి, నీటిగొట్టము, విద్యుద్దీపము, కళాశాల, నగరమున స్థిరపడిన లక్షలకొలది శ్రామికులు, ఉద్యోగులు, ఇట్లు ఊరంతయు చేరి దానిని పెంచినది. యజమాని శ్రమ లేకయే పెరుగు భూమివిలువలో సమాజమునకు హక్కు కలదని 19వ శతాబ్దిలోనే జాన్ స్టూవర్ట్ మిల్ వాదించెను. నగరము కల్పించిన విలువలో కొంత నగరమునకు మరల చెల్లించుమనుటలో బలాత్కార మెక్కడిది? తానిచ్చినదానిలో కొంతను తాను మరల పుచ్చుకొనుటయే కదా!

శాస్త్రమేమి చెప్పుచున్నదో ఇప్పుడు చూతము. ఈ నగరమునకు ఇలవేలుపు సింహాచలేశుడు. ఉత్తరాంధ్రప్రజ అప్పన్నయని ఆప్యాయముగా పిలుచుకొను ఆ వరాహలక్ష్మీనరసింహస్వామి చరిత్ర ప్రహ్లాదుని చరిత్రయే. భాగవతమున సప్తమస్కంధము ఈ కథకు మూలము. పోతనామాత్యుని అనుగ్రహమున అది తెలుగువారి నాలుకలపై నిలిచినది. భక్తుని మాట నిలుపుటకై స్వామి స్తంభమునుండి వెడలెనను ఘట్టమును మన మందఱమును ఎఱుగుదుము. కాని హిరణ్యకశిపుని పాలనమును వ్యాసుడు వర్ణించిన తీరును, స్వామి వానిని సంహరించిన పిమ్మట వివిధగణములవారు ఒక్కొక్కరుగా ముందుకు వచ్చి చెప్పుకొన్న మాటలను అంతటి శ్రద్ధతో చదివినవారు అరుదు.

ఆ దానవుడు లోకపాలుర స్థానముల నన్నింటిని తానొక్కడే ఆక్రమించెను. యజ్ఞములందు ఎవరెవరికో చెందవలసిన హవిర్భాగములను తానే గైకొనెను. దున్నకయే భూమి వానికి పండెను. సముద్రములు తమ తరంగములపై రత్నములను మోసితెచ్చి వాని ముంగిట పోసెను. ఇన్ని యుండియు ఇంద్రియములను జయింపనివాడగుటచే వానికి తృప్తి కలుగలేదని వ్యాసుడు చెప్పుచున్నాడు. వాడు కూలిన తర్వాత ఇంద్రుడు వచ్చి తమ భాగములు తమకు మరల లభించినవని స్తుతించెను. పితృదేవతలు వచ్చి, తమ బిడ్డలు తమకు పెట్టిన శ్రాద్ధభోజనమును, తిలోదకమును వీడు బలిమిచే భుజించెననియు, వాని ఉదరము చీల్చి స్వామి వానిని తమకు తిరిగి యిచ్చెననియు చెప్పుకొనిరి. తమ రత్నములను హరించెనని నాగులును, తమచే వెట్టిచాకిరి చేయించెనని కిన్నరులును మొఱపెట్టుకొనిరి. ఈ స్తోత్రములను వరుసగా చదువునప్పుడు అవి బాధితులు న్యాయస్థానమున ఇచ్చిన వాఙ్మూలములవలె తోచును. దైవమును ద్వేషించుట, కన్నకొడుకును హింసించుట వాని ప్రధానాపరాధములు. వానితోపాటు, ఎవరి భాగము వారికి చెందనీయక సర్వమును తానే అనుభవించుట యను అపరాధమును వ్యాసుడు ఇన్ని నోళ్లతో పలికించెను. నరసింహావతారము భాగముల పునఃప్రదానము కూడ.

అదే స్కంధమున, కొంత తరువాత, నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మమును ఉపదేశించుచు ఇంకను సూటియగు మాట చెప్పెను: దేహికి తన ఆకలి తీరుటకు వలసినంత వఱకే స్వామ్యము కలదు, అంతకు మించినదానిని తనదని భావించువాడు దొంగ, దండనార్హుడు. ఇది ఒక విప్లవకారుని కరపత్రములోని వాక్యము కాదు. దేవాలయములలో సప్తాహములు జరిపి మనము వినుచున్న పురాణము. భగవద్గీత మూడవ అధ్యాయమున, దేవతలిచ్చిన భోగములను వారి పాలు వారికి చెల్లింపక అనుభవించువాడు చోరుడని చెప్పినదియు ఇట్టిదే. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రమున సమస్తమును ఈశ్వరునిచే ఆవరింపబడియున్నదని చెప్పి, విడిచి అనుభవింపుమని, పరధనమును ఆశింపవలదని బోధించినది. ఈ మూడు చోట్లను దానపు ప్రశంస కనబడదు. దానము చేయనివానిని లోభి యందుము, దొంగయని యనము. తన భాగమునకు మించి తనకడ నుంచుకొన్నవానినే దొంగ యందుము. శాస్త్రము పలికిన మాట ఋణభాషకు చెందినది.

ఇచ్చట గొప్ప ఆక్షేపణ మొకటి కలదు. 'పరుల భాగములను బలిమిచే లాగుకొన్న హిరణ్యకశిపుడు రాజే కదా! పన్ను పేరిట సర్వమును హరించునది రాజ్యమే యైనప్పుడు ఎవరితో మొఱపెట్టుకొందుము?' ఈ ఆక్షేపణ సత్యము. పన్ను ఋణమైనంతమాత్రమున పన్ను విధించు ప్రతి హస్తమును పవిత్రము కాజాలదు. అందుచేతనే మన పూర్వులు పన్నునకు రెండు పరీక్షలు పెట్టిరి: ఒకటి మితి, రెండవది ప్రతిదానము. రాజునకు పంటలో ఆఱవభాగమను నియమము మితి. సూర్యుడు భూమినుండి గ్రహించిన నీటిని వేయింతలుగా వర్షించునట్లు దిలీపుడు ప్రజాక్షేమమునకే పన్నులు గైకొనెనని కాళిదాసు వర్ణించినది ప్రతిదానము. ఇవి కావ్యకల్పనలు మాత్రమే కావు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము, తుపానుకు చెదరిన ఓడలలోని సరకునంతయు పూర్వరాజులు హరించుచుండిరని చెప్పి, తాను ముప్పదింట నొకపాలు నిర్ణీతసుంకము తప్ప తక్కినదానిని ప్రాణములకు తెగించి సముద్రయానము చేసిన వర్తకులకే విడుచుచున్నానని ప్రకటించెను. సుంకములను తొలగించినవాడని తమిళులచే కీర్తింపబడిన కులోత్తుంగచోళుని పేర ఈ విశాఖపట్టణమే ఒకప్పుడు కులోత్తుంగచోళపట్టణమని శాసనములందు పేర్కొనబడెను.

ఈ పరీక్షలలో తప్పిన పన్నులును మన ప్రాంతమున ఎన్నో కలవు. కుంపినీవారు పేష్కషు బకాయికై విజయనగర సంస్థానమును పీడించగా, 1794 జూలై 10న పద్మనాభయుద్ధమున విజయరామరాజు నేలకొఱగెను. ఏజెన్సీ కొండలలో జీలుగుచెట్టు కల్లుమీద విధింపబడిన చిగురుపన్ను 1879 నాటి రంప తిరుగుబాటునకు కారణములలో నొకటి. ఆ అగ్ని గూడెం కొండలకును వ్యాపించెను. అదే గూడెమున రహదారి పనులలో కొండవారిచే అధికారులు చాలీచాలని కూలికి చేయించిన వెట్టియు, అడవిని వారికి దూరము చేసిన చట్టములును, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాను ముట్టడించుటకు దారితీసెను. కిన్నరుల మొఱ మన మన్యమున మరల వినబడెను! చీరాల–పేరాలలో మునిసిపాలిటీ పన్నులను భరింపజాలక దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ప్రజలు ఊరినే విడిచి రామనగరమున పాకలలో నివసించిరి. ఈ ఉద్యమముల వీరులు పన్ను అను వ్యవస్థకే శత్రువులని తలచుట పొరపాటు. లేనివానినుండి పిండి, ఉన్నవానికి పెట్టి, ఇచ్చినవానికి ఏమియు మరలింపని పన్నుమీద వారు తిరుగబడిరి. మితియు ప్రతిదానమును కాక శక్త్యనుసారిత్వమను మూడవ పరీక్షను వారు మనకు తమ రక్తముతో నేర్పిరి.

ఆ మూడవ పరీక్షనే నేటి కాలమునకు పెట్టి చూతము. స్వతంత్రభారతము తొలినాళ్లలో 1953లో మరణానంతర ఆస్తిపన్నును, 1957లో సంపదపన్నును చట్టములుగా చేసెను. మొదటిది 1985లోను, రెండవది 2015లోను రద్దయ్యెను. వసూలు వ్యయము హెచ్చు, రాబడి తక్కువ యను కారణము నిజమే. ఐనను లోపము పన్నును వసూలు చేయు విధానమున నున్నప్పుడు సవరింపవలసినదియు విధానమునే కదా! తండ్రి సంపాదన ఎన్ని కోట్లైనను ఒక్క రూపాయి ఋణము చెల్లింపకయే కొడుకునకు సంక్రమించుట నేడు మన న్యాయము. మఱియొక వైపున, 2017 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన జీఎస్టీ మొదలగు పరోక్షపన్నులు కొనుగోలుదారుని ముఖము చూడవు. రేవులో మూట మోయు కళాసీయు, ఆ మూట యజమానియు కొను ఒకే సబ్బుబిళ్ళకు ఒకే పన్ను. కళాసీ యెక్కు బస్సు చార్జీలోను డీజిలుమీది పన్ను దాగియున్నది. ఆదాయపుపన్ను పట్టికలో పేరు లేనంతమాత్రమున బీదవాడు పన్ను కట్టుట లేదనువారు అంగడికి పోయిన ప్రతిసారియు వాడు చెల్లించు రూపాయలను లెక్కింప మఱచినవారు. వానికి ఆదాయమంతయు వ్యయమే కనుక, తన రాబడిలో ఆ పన్ను ఆక్రమించు పాలు ధనికుని విషయమున కంటె అధికము.

థామస్ పికెటీ మొదలగు ఆర్థికవేత్తలు 2024లో వెలువరించిన అంచనా ప్రకారము 2022–23లో మన దేశపు ఆదాయమున 22.6 శాతమును, సంపదలో 40.1 శాతమును జనాభాలో అగ్రస్థానమున నున్న ఒక్క శాతము చేతిలో నున్నవి. దున్నకయే పండు భూమియు, కెరటములు మోసితెచ్చు రత్నములును పురాణవర్ణనలు మాత్రమే కావని ఈ సంఖ్యలు చూచినపుడు తోచకమానదు. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేద్కరు పలికిన హెచ్చరిక ఇదియే: రాజకీయములలో సమానత్వమును, ఆర్థికసామాజిక జీవనమున అసమానత్వమును ఎల్లకాలము ప్రక్కప్రక్కన నిలుపజాలము, ఆ వైరుధ్యమును త్వరగా తొలగింపనిచో, దానివలన బాధపడువారు మనము కట్టిన ప్రజాస్వామ్యసౌధమునే పడగొట్టుదురు. రాజ్యాంగపు 39వ అధికరణము సంపద కొలదిమంది చేతులలో పోగుపడరాదని రాజ్యమునకు నిర్దేశించినది. న్యాయస్థానమున నిలబడి అమలు కోరదగిన హక్కుగా దానిని వ్రాయలేదు. మన మనస్సాక్షి దానిని అమలు చేయునని పెద్దలు నమ్మిరి కాబోలు.

'ధనికులు దానములు చేయుచునే యున్నారు కదా, అవి చాలవా?' అని అడుగువారు కలరు. దానమును చులకన చేయు సాహసము నాకు లేదు. సింహాచలపు గోడలపైనను స్తంభములపైనను వందలకొలది శాసనములు అఖండదీపములకును నైవేద్యములకును భక్తులిచ్చిన కానుకలను నేటికిని చెప్పుచున్నవి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు జయపురాధీశుడు విక్రమదేవవర్మ ఏటేట లక్షరూపాయ లిచ్చి విద్యాదానము చేసెను. ఆ మహనీయుని పేరు తలచుకొని ఉత్తరాంధ్రమున చదువుకొన్నవారందఱును కృతజ్ఞతతో తలవంపవలెను. ఐనను ఆ లక్షలు ఎచ్చటినుండి వచ్చినవి? జయపురపు కొండలలో రైతులు చెల్లించిన శిస్తులనుండి. ఆ ప్రభువు గొప్పతనము తానిచ్చినదానిలో నెంత యున్నదో, ప్రజలనుండి వచ్చినది ప్రజలకు పోవలెనని గ్రహించుటలో నంతయు నున్నది. కాని అందఱు ప్రభువులు విక్రమదేవవర్మలు కారు. ఇచ్ఛ కలిగినప్పుడు వెలుగు దీపమును నమ్ముకొని లక్షలమంది బిడ్డలు చదువుకొనజాలరు, రోగులు ప్రాణములు నిలుపుకొనజాలరు. 1923లో తెఱచిన కింగ్ జార్జి ఆసుపత్రికి శ్రీకాకుళమునుండి, పాడేరునుండి మోసికొని తెచ్చిన రోగి అందు అడుగిడునప్పుడు ఏ దాతకును నమస్కరింపనక్కఱలేదు. తానును తన తాతలును ఉప్పుమీదను అగ్గిపెట్టెమీదను చెల్లించిన పన్నుచే అది నడచినది. అది వాని హక్కు. దానము పుచ్చుకొనువాని తలను వంచును. భాగము పుచ్చుకొనువాడు తల యెత్తి నిలుచును.

ఈ భేదమును బౌద్ధులు మనకంటె ముందుగా, మనకంటె స్పష్టముగా చూచిరి. భీమునిపట్టణము త్రోవలో సముద్రమువైపు చూచుచున్న తొట్లకొండపై రెండువేల యేండ్లనాడు భిక్షువులు నివసించిరి. రోమను నాణెములు అచ్చట దొరకుటచే దూరదేశపు వర్తకముతో దానికి సంబంధ ముండెనని ఊహింపవచ్చును. బౌద్ధుల దీఘనికాయమున చక్రవర్తి సింహనాదసూత్రమను కథ కలదు. ఒక రాజు ప్రజలను రక్షించెను గాని నిర్ధనులకు ధనమీయలేదు. దారిద్ర్యము పెరిగెను, దారిద్ర్యమునుండి దొంగతనము పుట్టెను. పట్టుబడిన మొదటి దొంగకు రాజు జాలిపడి సొమ్మిచ్చెను. అది విని ఇతరులును దొంగిలించిరి. అంతట శిరశ్ఛేదము విధించెను. దానినుండి ఆయుధములు, హత్యలు, అసత్యము వరుసగా పుట్టినవి. ఒక్కొక్కనికి జాలితో ఇచ్చినదియు, ఒక్కొక్కనిని కోపముతో శిక్షించినదియు రెండును విఫలములయ్యెను. ఏలన మొదటి తప్పు వ్యవస్థలో నున్నది. కూటదంతసూత్రమున పురోహితుడు రాజునకు చెప్పిన ఉపాయము అందులకు విరుగుడు: కర్షకునకు విత్తనములు, వర్తకునకు మూలధనము, సేవకునకు జీతము ఇమ్ము, అప్పుడు ప్రజ తలుపులు మూయకయే నిద్రించును. యజ్ఞమునకు మార్గమేదని అడిగిన రాజునకు పురోహితుడు చెప్పిన తొలిపని ఇదియే యగుట గమనింపదగినది.

ఈ వెలుగులో మన నగరపు నేటి తగవులను చూడవలెను. 2021 జనవరి 27న కేంద్రమంత్రివర్గసంఘము ఉక్కు కర్మాగారమున ప్రభుత్వవాటా నంతటిని విక్రయించుటకు సూత్రప్రాయముగా అంగీకరించెను. కార్మికులు శిబిరములు వేసి పోరాడిరి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణసాయమును ప్రభుత్వము ప్రకటించెను. సొంత గనులు లేక ఇనుపరాయిని బయటి ధరకు కొనవలసివచ్చు కర్మాగారము నష్టముల పాలగుట వాస్తవము. ఆ నష్టములను లెక్కింపవలదని నేననను. లెక్క మొత్తము వ్రాయవలెనని మాత్రమే నా కోరిక. బ్యాంకుల అప్పు మాత్రమే కాదు, 64 గ్రామములకును, 1966లో ప్రాణములు విడిచినవారికిని, ఆర్-కార్డుతో నిరీక్షించుచున్నవారికిని ఉన్న అప్పు కూడ ఆ ఖాతాపుస్తకమున మొదటి పుటలో నుండవలెను. అట్లే పాతనగరమున బొగ్గుధూళిని పీల్చు ఇండ్లకును, 2020 మే 7న వేంకటాపురమున విషవాయువుచే నిద్రలోనే నశించిన కుటుంబములకును, ఐశ్వర్యపు దుష్ఫలమును భరించినవారుగా ఐశ్వర్యమున పాలు కలదు. లాభమును కొందఱును, ధూళిని ఇంకొందఱును పంచుకొనుట విభజనము కాదు.

పన్నుల పేరిట వసూలైన సొమ్ము దుర్వినియోగమగుచున్నదని, అందుచే తాము చెల్లింపమని కొందఱందురు. అప్పిచ్చినవాడు దుబారా చేయునని అప్పు తీర్చకుండుట ఏ ధర్మశాస్త్రమున నున్నది? తీర్చి, లెక్క యడుగుట పౌరుని ధర్మము. మరణానంతర సంపదపై న్యాయమగు పన్నును, నగరము పెంచిన భూమివిలువలో నగరమునకు పాలును, బీదవాని సరకుమీది పన్ను భారము తగ్గించుటయు, పరిశ్రమకు భూమి యిచ్చినవారికి ఆ పరిశ్రమ ఆదాయమున శాశ్వతభాగమును, ఇవి నాకు న్యాయములుగా తోచుచున్నవి. వీనిని సాధించుటకు చట్టములు వలయును. ఆ చట్టములకంటె ముందుగా, 'నాది' యని మనము పలుకు ప్రతి వస్తువులోను నలుగురి పాలు కలదను ఎఱుక వలయును. ఆ పాలును లెక్కించి, దాచక, సణుగక చెల్లించిన పిమ్మట మిగిలినదే ధర్మార్జితము; దానినుండి చేసినదే దానము; దానినే అప్పన్న ముందర నుంచుటకు మనము అర్హులము.